తరంగంబాడి గుళ్ళో ఎవరు ఎక్కడ కూర్చున్నారు

మా ఇంట్లో చర్చిని గుడి అంటాం. పల్నాడు వైపు లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) ఇళ్ళలో ఇప్పటికీ అంతే: గుడి, గుడిగంట, అయ్యగారు అంటే పాదిరీ, ఉపదేశి అంటే పాదిరీ కింద వాక్యం చెప్పే మన ఊరి బోధకుడు. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో "ఆదివారం గుడికెళ్ళాలి" అంటే "ఏ గుడిరా?" అని ఫ్రెండ్స్ అడిగేవాళ్ళు, ప్రతిసారీ విడమరచి చెప్పలేక మెల్లగా చర్చి అనడం అలవాటు చేసుకున్నాను. ఇక్కడ మాత్రం రెండు మాటలూ వాడతాను, ఎందుకంటే నేను చెప్పబోయే ఊళ్ళోని తమిళ ముసలివాళ్ళు కూడా చర్చిని కోయిల్ అనే అన్నారు, వినగానే ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆ ఊరు తరంగంబాడి. డెన్మార్క్‌వాళ్ళ నోట్లో పడి ట్రాంకెబార్ అయింది. ఇప్పుడు మయిలాడుదురై జిల్లా, కారైకాల్‌కి కాస్త పైన, సముద్రం ఒడ్డున. నేను దీని పేరు మొదట విన్నది మా ఊరి సండే స్కూల్లో. గుంటూరు వైపు లూథరన్ పిల్లలకి రెండు కథలు ఉగ్గుపాలతో పడతాయి. ఒకటి 1842లో గుంటూరొచ్చిన మిషనరీ హయ్యర్ దొరది. రెండోది అంతకన్నా చాలా ముందు, 1706లో తరంగంబాడిలో ఓడ దిగిన జర్మన్ కుర్రాడు బార్తొలొమాయుస్ జీగెన్‌బాల్గ్‌ది. దిగాడు, బడిపిల్లల పక్కన కూర్చుని ఇసుకలో తమిళ అక్షరాలు దిద్దుకున్నాడు, అక్కడి డేనిష్ అధికారే జైల్లో పెట్టించాడు, బయటికొచ్చి బైబిల్ అచ్చేయించాడు, గుడి కట్టించాడు, ముప్పై ఆరేళ్ళకే పోయాడు. కథంతా నిజమే. తమిళ కొత్త నిబంధన అచ్చయింది 1715లో, ఆయన పోయింది 1719 ఫిబ్రవరిలో. నా తగాదా ఏంటంటే కథ అక్కడితో ఆగిపోతుంది. అందులో దొర ఉంటాడు, గుడి ఉంటుంది, ఆ గుళ్ళో కూర్చున్న జనం మాత్రం ఎక్కడా ఉండరు.

చెన్నైలో ఉద్యోగం చేస్తూ కూడా అక్కడికి వెళ్ళడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఒక శనివారం రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి మెయిన్ రోడ్డు మీద దింపేసి బస్సు కారైకాల్ వైపు పోయింది. అక్కణ్ణించి నడకే. ఊళ్ళోకి పోవాలంటే 1792లో కట్టిన పెద్ద ద్వారం కింద నుంచి దూరాలి, దాటగానే కింగ్స్ స్ట్రీట్. ఆ వీధిలోనే ఒకదానికొకటి కూతవేటు దూరంలో రెండు చర్చిలు, సీయోను, కొత్త యెరూషలేము. వీధి చివర మైదానం, మైదానం అంచున డాన్స్‌బోర్గ్ కోట, కోట వెనక సముద్రం. తొందరేమీ లేకుండా నడిచినా పావుగంటలో అయిపోయే ఊరు. పొద్దున్నే ఒక ముసలాయన సైకిల్ మీద చేపల బుట్ట కట్టుకుని అదే ద్వారం కింద నుంచి బయటికి పోతున్నాడు, ఎదురుగా ముగ్గురు కుర్రాళ్ళు ఖరీదైన కెమెరాతో ఆ ద్వారాన్నే ఫోటో తీయడానికి ఆయన ఎప్పుడు తప్పుకుంటాడా అని చూస్తున్నారు.

ఆ దృశ్యం దగ్గరే నాకు తిక్క మొదలైంది. ఈ ఊరి గురించి ఎవర్ని అడిగినా "ఇండియాలో ఒక యూరప్ ముక్క" అంటారు. వరండా స్తంభాలు, నున్నటి గోడలు, ఖాళీ వీధి, నిజంగానే బావుంటుంది, నేనూ తీశాను ఫోటోలు. కానీ ఈ నేల డెన్మార్క్‌వాళ్ళకి ఇచ్చింది ఎవరు? తంజావూరు రఘునాథ నాయకుడు. 1620లో, ఓవె గెడ్డె అనే నౌకాధిపతితో ఒప్పందం చేసుకుని, కోట కట్టుకోమని చోటిచ్చాడు. రఘునాథుడంటే మనవాడే, తెలుగులో కావ్యాలు రాసిన రాజు, ఆ కొలువులో నడిచిన సాహిత్యం ఎక్కువ భాగం తెలుగే. అంటే తమిళ పల్లెకారుల తీరాన్ని ఒక తెలుగు రాజు డేనిష్ కంపెనీకి ఇచ్చాడు, దాని మీద జర్మన్ పాదిరీలు గుడి కట్టారు. ఇందులో యూరప్ ముక్క అని విడిగా కోసి చూపించగలిగేది ఏముంది?

అసలు డేనిష్‌వాళ్ళు రావడానికి మూడొందల ఏళ్ళ ముందే ఇక్కడ గుడి ఉంది. 1306లో పాండ్యరాజు మారవర్మన్ కులశేఖరుడి కాలంలో కట్టిన మాసిలామణినాథర్ కోవెల, కోట పక్కనే, అలలకి ఎదురుగా. దాని ముందుభాగాన్ని సముద్రం ఏనాడో తినేసింది. తరంగంబాడి అంటే అలలు పాడే చోటు అని టూరిస్టులందరికీ చెప్తారుగానీ, ఆ కోవెల శాసనంలో ఊరి పేరు సడంగన్‌పాడి అని ఉంది. అలల పాట తర్వాతెవరికో తోచిన అందమైన ఊహ అయ్యుంటుంది. పేరు ఎంత అందంగా ఉన్నా ఆ అలలు ఏం చేయగలవో 2004 డిసెంబర్ 26న ఈ ఊరి పల్లెకారులకి తెలిసొచ్చింది. రాతి ఇళ్ళున్న వీధులకంటే తీరాన్ని ఆనుకుని ఉన్న వాళ్ళ పేటలకే దెబ్బ ఎక్కువ.

సరే, చర్చిల సంగతికి వస్తాను.

సీయోను చర్చి పాతది, 1701. ఇప్పుడు దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) కింద ఉంది. ఇండియాలో మొట్టమొదటి ప్రొటెస్టెంట్ చర్చి ఇదే అని చాలామంది గట్టిగా చెప్తారు, నాకూ చిన్నప్పుడు అలాగే చెప్పారు, అది తప్పు. చెన్నై సెయింట్ జార్జి కోటలో సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది. మొదటిది, పెద్దది, ఎత్తైనది అనిపించుకోకపోతే మనవాళ్ళకి ఏ కట్టడమూ ఆనదు, ఇదొక జబ్బు. సీయోను చర్చిలో నిజంగా చెప్పుకోదగ్గది వేరే ఉంది. అది కట్టింది డేనిష్ కంపెనీ అధికారుల కోసం, వ్యాపారుల కోసం, సిపాయిల కోసం. అందులో 1707 మే నెలలో ఐదుగురికి బాప్తిస్మం ఇచ్చారు. జీగెన్‌బాల్గ్, ఆయనతో వచ్చిన ప్లూట్చౌ ఇద్దరి కష్టానికీ దక్కిన మొదటి సంఘం ఆ ఐదుగురే. వాళ్ళు బానిసలు. ఊళ్ళోని దొరల ఇళ్ళలో పనిచేసే బానిసలు.

ఈ ముక్క మా సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు. మొదటి విశ్వాసులు అన్నారు, ఐదుగురు అన్నారు, బానిసలు అనలేదు. ఆ మాట ఎందుకు జారిపోయిందో ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవచ్చు, నాకైతే సిగ్గుతోనే మింగేశారనిపిస్తుంది. ఎవరి సిగ్గు, ఎందుకు సిగ్గు అన్నది వేరే సంగతి.

దొరలు ప్రార్థన చేసుకునే చోట వాళ్ళ బానిసలకీ, తమిళులకీ రోజూ చోటెక్కడ? అందుకని అదే ఏడాది ఆగస్టులో విడిగా ఒక చిన్న గుడి కట్టారు, యెరూషలేము అని పేరు పెట్టారు. పోర్చుగీసులో ఒక ఆరాధన, తమిళంలో ఒక ఆరాధన. సముద్రానికి మరీ దగ్గర, కొన్నేళ్ళకే పాడైపోయింది, జనానికీ చాలలేదు. అప్పుడు కింగ్స్ స్ట్రీట్‌లో కట్టిందే కొత్త యెరూషలేము, 1718. ముందుగోడ మీద డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ పేరు మొదటి అక్షరాల ముద్ర, దాని మీద కిరీటం, కింద ఆ సంవత్సరం ఇప్పటికీ కనిపిస్తాయి. గుడి శిలువ ఆకారంలో ఉంటుంది. నాలుగు దిక్కులా నాలుగు చేతులు, మధ్యలో అందరికీ వినపడేలా ప్రసంగం. ఏడాది తిరక్కుండానే జీగెన్‌బాల్గ్‌ని అందులోనే సమాధి చేశారు.

ఆ శిలువ ఆకారాన్ని అందరూ మెచ్చుకుంటారు. నేను దాని గురించే మాట్లాడాలి. ఆ చేతులు ఇంకో పనికి కూడా వచ్చాయి. వెల్లాలలు మొదలైన శూద్ర కులాల క్రైస్తవులు ఒకవైపు, అంటరానివాళ్ళుగా చూసిన పరయర్ క్రైస్తవులు ఇంకోవైపు. మగా ఆడా మళ్ళీ విడివిడిగా. ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళకి తగలకుండా అందరికీ ఒకే వాక్యం. సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం కూడా ముందు వాళ్ళకి, తర్వాత వీళ్ళకి. ఒకే రొట్టె అని పాదిరీలు ప్రసంగించేవాళ్ళు, అది అందే వరస మాత్రం ఊరి వరసే.

ఇక రాజనాయకన్ దగ్గరికి వద్దాం. ఈ మనిషి పేరు నేను ముప్పై ఏళ్ళు దాటాక విన్నాను, అది ఇంకా నాకు కడుపులో మంటగానే ఉంది. తంజావూరు సైన్యంలో పనిచేసినవాడు, పరయర్ కులం, పుట్టుకతో కేథలిక్. తరంగంబాడిలో అచ్చయిన తమిళ సువార్త చేతిలో పడితే చదివాడు, ఎవరూ వచ్చి నచ్చజెప్పలేదు, చదివే లూథరన్ అయ్యాడు. ఉద్యోగం వదిలి ఉపదేశి అయ్యాడు, దొరలకి అడుగుపెట్టే అనుమతి లేని తంజావూరు పల్లెల్లో తిరిగి సంఘాలు నిలబెట్టాడు. అప్పటికే 1733లో ఆరోన్ అనే వెల్లాల ఉపదేశిని పాదిరీగా అభిషేకించి ఉన్నారు, ఇండియాలో ప్రొటెస్టెంట్లలో మొదటి దేశీయ పాదిరీ ఆయన. రెండో పాదిరీ కోసం చూసినప్పుడు రాజనాయకన్ పేరు వచ్చింది. పనిమంతుడే, భక్తుడే, అందులో ఎవరికీ సందేహం లేదు. కానీ ఆయన చేతి నుంచి శూద్ర క్రైస్తవులు సంస్కారం తీసుకోరు. చివరికి 1741లో దియోగో అనే వేరే ఉపదేశిని అభిషేకించారు. రాజనాయకన్ ఉపదేశిగానే మిగిలాడు.

ఇదంతా తవ్వడం దేనికి అని మా బంధువుల్లో ఒక అయ్యగారు నాతో పోట్లాట పెట్టుకున్నాడు. వరసకి బాబాయ్. "అసలే మనమంటే పడని రోజులు, మన లోపాలు మనమే బయటేసుకుంటే వాళ్ళకి అలుసైపోమా?" అన్నాడు. ఆయన భయం నాకు తెలుసు, ఆ భయం ఉత్తదని అనను. "ఆ రోజుల్లో ఒక్కసారిగా కులం తీసేస్తే సంఘమే ఉండేది కాదురా" అని కూడా అన్నాడు, ఇది ఇంకా గట్టి మాట. నిజంగానే ఆ పాదిరీలు ఒడ్డున పడ్డ గుప్పెడు మనుషులు, తంజావూరు రాజుకి కోపం రాకూడదు, డేనిష్ గవర్నరుకి కోపం రాకూడదు, ఉన్న సంఘం చెదరకూడదు. వాళ్ళ స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

కానీ బాబాయ్ మాట ఒప్పుకుంటే ఒక చిక్కుంది. సర్దుకుపోయిన పాదిరీల పేర్లు మనకి కంఠతా వచ్చు, సర్దుబాటు ఎవరి నెత్తిన పడిందో అతని పేరు రాదు. పరిస్థితులు అలాంటివి అనుకున్నప్పుడు ఇద్దరి పేర్లూ రావాలి కదా, లేదా ఇద్దరివీ పోవాలి. ఒకడికి జ్ఞాపకం, ఇంకొకడికి "ఆ రోజులు అలాంటివి" అన్న సమాధానం, ఇదేం పంపకం? అందుకే నేననేది, తరంగంబాడి చర్చిలకి సున్నం వేయించడం, కప్పు బాగుచేయించడం మంచిదే, చేయాల్సిందే. దాంతోపాటు ఏ చేతిలో ఎవరు కూర్చునేవాళ్ళో ఆ గుడి చూపించేవాళ్ళు నోరు తెరిచి చెప్పాలి. బానిసల సంగతీ, రాజనాయకన్ సంగతీ మా గుంటూరు సండే స్కూలు పిల్లలకి ఇసుకలో అక్షరాల కథతోపాటే చెప్పాలి. అది చెప్తే గుడి పరువు పోదు. నా కళ్ళకి పెరిగింది.

ఈ పట్టుదల నాకెందుకో కూడా చెప్పాలిగా. మా ఊళ్ళో లూథరన్ గుడి మాలపల్లెలో ఉంటుంది, బాప్టిస్టు గుడి మాదిగపల్లెలో ఉంటుంది. మధ్యలో ఉన్నది ఒక రోడ్డు, ఇద్దరి బైబిలూ ఒకటే, పెళ్ళి సంబంధాలు మాత్రం రోడ్డు దాటవు. అదలా ఉంచండి. మా నాయనమ్మ చిన్నప్పుడు పక్క ఊళ్ళో పెద్ద ఆరాధన జరిగితే వాళ్ళ నాన్నతో బండెక్కి వెళ్ళిందట. కొత్తగా కలిసిన పెద్దకులాల కుటుంబాలకి ముందు కుర్చీలేశారు, వీళ్ళకి వెనక చాపలు. ఆ రోజు వాక్యం ఏంటో ఆమెకి గుర్తులేదు, చాప అంచు చిరిగి తొడకి గుచ్చుకోవడం గుర్తుంది. "కుర్చీ అడగబోతే మా నాన్న చెయ్యి గిల్లాడు" అని ఇప్పటికీ నవ్వుతూ చెప్తుంది. నా కులం సర్టిఫికెట్‌లో బీసీ-సీ అని ఉంటుంది, క్రైస్తవులైన దళితుల వర్గం, అదేంటి అని కొత్తవాళ్ళు అడిగినప్పుడల్లా నాకు ఆ చాప గుర్తొస్తుంది.

తరంగంబాడికీ మన భాషకీ ఇంకో పాత బంధం ఉంది, అది చెప్పకుండా పోలేను. జీగెన్‌బాల్గ్ పోయిన ఏడాదే, 1719లో, బెంజమిన్ షుల్ట్జె అనే ఇంకో జర్మన్ ఇక్కడ దిగాడు. జీగెన్‌బాల్గ్ సగంలో వదిలేసిన తమిళ పాత నిబంధన అనువాదాన్ని పూర్తిచేశాడు. తోటి పాదిరీలతో పడక 1726లో మద్రాసు చేరాడు. మద్రాసు వీధుల్లో తెలుగు వినపడితే నేర్చుకున్నాడు, ఊరికే నేర్చుకోలేదు, వ్యాకరణం రాశాడు, బైబిలు మొత్తం తెలుగు చేశాడు. ఆ బైబిలు అచ్చు మొహం చూడలేదు, రాతప్రతిగానే జర్మనీ చేరింది. ఆరోగ్యం చెడి హాలె ఊరికి తిరిగిపోయాక, 1746, 47లో అక్కడే తెలుగు అక్షరాలు పోతపోయించి చిన్న ప్రశ్నోత్తరి, ఇంకొన్ని చిన్న పుస్తకాలు వేయించాడు. తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలు అవే. తెలుగు నేల మీద ఒక్క ప్రెస్సు లేని రోజుల్లో, తెలుగు చదవగలిగినవాడు ఊరంతా వెతికినా దొరకని చోట. తెలుగుని ఆయన వరుగు భాష అని కూడా రాసుకున్నాడు, తమిళులు మనల్ని వడుగులు అనేవాళ్ళు కదా, దాన్నించి. మా ఆఫీసులో నన్ను గొల్టి అంటారు. మూడొందల ఏళ్ళలో అంత మార్పు.

ఇంకో తమాషా. 1845లో డెన్మార్క్ ఈ ఊరినీ, బెంగాల్లో ఉన్న సెరంపూర్‌నీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకి ఇంగ్లీషు కంపెనీకి అమ్మేసింది. మిషనరీ విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో అచ్చయింది ఆ సెరంపూర్‌లోనే. తెలుగు అచ్చు తొలి అడుగుల్లో రెండు డేనిష్ జాగాలతో ముడిపడి ఉన్నాయన్నమాట, డేనిష్‌వాళ్ళకి తెలుగుతో ఏ పనీ లేకపోయినా.

అమ్మేశాక ఊరికి ఏమీ మిగల్లేదు. ఇంగ్లీషువాళ్ళకి నాగపట్నం ఉంది, రైలు అటుపోయింది, ఓడలు రావడం మానేశాయి. ఈ చర్చిలు ఇన్నాళ్ళు నిలబడ్డాయంటే కారణం చాలావరకు అదే అనుకుంటాను: పడగొట్టి కొత్తది కట్టేంత డబ్బు ఊళ్ళోకి రాలేదు. మా ఊరి పాత గుడి, సున్నపు గోడలు, పెంకుల కప్పు, నా ఇంటర్ అయ్యేలోపే పడగొట్టి స్లాబు వేసి నేలంతా టైల్స్ పరిచారు. అప్పుడు నేను మురిసిపోయాను, ఇప్పుడు అడిగితే ఏం చెప్పాలో తెలియదు. చాప మీద కూర్చున్నవాళ్ళకి టైల్స్ కావాలనిపించడం తప్పని నేనెలా అనగలను?

ఆ ఆదివారం కొత్త యెరూషలేములో ఆరాధనకి కూర్చున్నాను. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే, ఎక్కడ కూర్చోవాలో తెలియక తలుపు దగ్గరే నిలబడిపోయాను, నాలుగు చేతులూ ఒకసారి చూసుకుంటూ. ఒక పెద్దావిడ, తెల్లచీర, చేతిలో అట్ట ఊడిన కీర్తనల పుస్తకం, బెంచీలో పక్కకి జరిగి "వాంగ తంబీ" అంది. కూర్చున్నాను. పుస్తకం నా వైపు తెరిచి పెట్టింది. తమిళం మాట్లాడతానుగానీ చదవడం కూడబలుక్కోవాలి, నేను మొదటి లైను పూర్తిచేసేలోపు వాళ్ళు మూడో చరణంలో ఉన్నారు. రాగం మాత్రం మా ఊరిదే. నోరు దానంతటదే తెలుగు మాటలు అందుకుంది, ఆవిడ ఓరకంట చూసి ఏమీ అనలేదు. అయ్యాక "ఎంద ఊరు?" అని అడిగింది. గుంటూరు అన్నాను. "అంగేయుం నమ్మ కోయిల్ ఇరుక్కా?" అంది, అక్కడ కూడా మన గుడి ఉందా అని. ఉందన్నాను, చాలా ఉన్నాయన్నాను.

మధ్యాహ్నం కోట నీడలో కూర్చుని నాయనమ్మకి ఫోన్ చేశాను. మూడొందల ఏళ్ళ గుడి చూశానని, జీగెన్‌బాల్గ్ సమాధి చూశానని, రాజు కిరీటం ముద్ర ఉందని గడగడా చెప్పేశాను. అంతా విని ఒకటే అడిగింది.

"లోపల ఎక్కడ కూర్చోబెట్టార్రా?"

"బెంచీ మీదే నాయనమ్మా, రెండో వరస."

"ముందు నుంచా, వెనక నుంచా?"